ఇంటి వైను తాగుడు కాదు

మా ఊళ్ళో తాగుబోతులు ఇద్దరే. ఒకడు అర్సేని, రెండోవాడు వాడి బావమరిది. ఆ బావమరిది పోయిన చలికాలం కాలవగట్టు మీద పడి గడ్డకట్టి పోయాడు కాబట్టి ఇప్పుడు లెక్కకి ఒక్కడే. వాళ్ళు కొట్లో వోడ్కా సీసా కొని ఆ మెట్ల మీదే నిలబడి తాగేవాళ్ళు, పక్కన రొట్టె ముక్క కూడా లేకుండా. మిగతా ఊరంతా ఇంటి వైను తాగుతుంది. మా తోటలో కాసిన ద్రాక్ష, మా కాళ్ళతో తొక్కి, మా నేలమాళిగలో, మా పీపాల్లో పులిసిన వైను. అది తాగుడెలా అవుతుంది? ఈ తేడా తెలియనివాడు మల్దోవాలో పుట్టి ఉండడు.

మా వదిన మాత్రం ఇక్కడే పుట్టింది. అందుకే నాకు ఒళ్ళు మంట.

వదినంటే నా భార్య స్తెలియానకి సొంత అక్క, అగాఫియా. ఇరవై ఆరేళ్ళుగా ఊళ్ళో నర్సు. రెండు గదుల ఆస్పత్రి, తెల్ల కోటు, ఎప్పుడూ ముడుచుకునే ఉండే మూతి. నేను స్కూలు బస్సు డ్రైవర్ని. పిల్లలు చాలక మా ఊరి బడి మూసేశాక, ఉన్న పదకొండు మందిని ఏడు కిలోమీటర్ల అవతలి ఊరికి తీసుకెళ్ళి తీసుకొస్తున్నాను. ఆ పదకొండు మందిలో నా కూతురు దోరీనా కూడా ఉంది. రోజూ పొద్దున్నే నర్సు డ్రైవర్ని పరీక్ష చేసి, బాగానే ఉన్నాడని బండి కాగితం మీద సంతకం పెట్టాలన్నది రూలు. నాలుగేళ్ళ పాటు వదిన ఆ సంతకాలన్నీ ఆదివారం నాడు మా ఇంట్లో, మా బల్ల మీద, మా మొక్కజొన్న సంకటి తింటూ, వారం మొత్తానికీ ఒకేసారి పెట్టేది. ఎవరికీ ఏ ఇబ్బందీ లేకపోయింది.

మార్చి మొదట్లో పట్నం నుంచి ఒక కట్ట కాగితాలొచ్చాయి. ఊళ్ళో ఎవరెంత తాగుతున్నారో అరవై ఇళ్ళు తిరిగి రాసి పంపాలట. మనిషికి పది ప్రశ్నలు, ఒక్కో జవాబుకి కొన్ని మార్కులు. ఎనిమిది దాటితే వాడి తాగుడు ప్రమాదకరమని లెక్క. బళ్ళో ఎప్పుడూ ఎనిమిది మార్కులు తెచ్చుకోనివాడిని నేను, ఈ పరీక్ష నాకు లెక్కా అనుకున్నాను.

మొదటి కాగితం మా ఇంట్లోనే నింపింది.

"మందు ఎన్నిరోజులకోసారి తాగుతావు స్పిరిదోన్?" అంది కళ్ళజోడు సర్దుకుంటూ.

"తాగను వదినా."

"నీ చేతిలో ఉన్నదేంటి మరి?"

"ఇది వైను."

"మందులో వైను కూడా లెక్కే, ఇదుగో ఇక్కడ రాసుంది."

"రాసినోడు ఏ ఊరోడో అడుగు. కొట్లో కొన్న వైను గురించి రాసుంటాడు. ఇంటిది కాదులే. అయినా అన్నంతో పాటు నీళ్ళు ఎన్నిసార్లు తాగుతావని కూడా అడుగుతారా ఏంటి?"

స్తెలియాన పకపకా నవ్వింది. వదిన నవ్వలేదు. "ఒక్కసారి కూర్చుంటే ఎన్ని గ్లాసులు?" అంది.

ఇది ఇంకా పిచ్చి ప్రశ్న. మా దగ్గర నేలమాళిగలో గ్లాసు ఒక్కటే ఉంటుంది. ఇంటాయన జగ్గులోంచి నింపి ముందు తను తాగుతాడు, మళ్ళీ నింపి పక్కవాడికిస్తాడు, అతను ఖాళీ చేసి ఇచ్చాక దాన్నే నింపి ఆ పక్కవాడికి. గ్లాసు అలా తిరుగుతూనే ఉంటుంది. జగ్గు అడుగంటితే ఇంకో జగ్గు వస్తుంది. వరస ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టేవాణ్ణి పిసినారి అంటారు, రెండోసారి ఎవరూ పిలవరు.

"రాసుకో, రెండు," అన్నాను.

నాకు మూడు మార్కులొచ్చాయి. ఊరంతటికీ అటూ ఇటుగా అంతే. మా మేయరు పోర్ఫిరి ఒక్క మార్కుతో ఊళ్ళోకెల్లా ఫస్టొచ్చాడు. ఆయన పొట్టా, ఆ ఎర్ర ముక్కూ చూసినవాళ్ళెవరైనా మిగతా మార్కులు ఎటు పోయాయని అడక్క మానరు.

అక్కడితో కాగితాలు పట్నం పంపేసి ఉంటే పోయేది. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి. వారం తిరక్కుండానే వదిన టార్చి లైటు పట్టుకుని మళ్ళీ మా గుమ్మం ఎక్కింది.

"ఈ కాగితాల ప్రకారం మనూరు సన్యాసినుల మఠం," అంది. "పద, కిందికి దిగు. నిన్నేం అడగను. పీపాల్నే అడుగుతాను."

నేలమాళిగలోకి దిగి, పీపాల్ని వేలి కణుపుతో టకటకా కొట్టి చూసింది. నిండుగా ఉన్నచోట ఒక చప్పుడు, ఖాళీగా ఉన్నచోట ఇంకో చప్పుడు. సుద్దముక్కతో గీతలు పెట్టింది. నా పీపాల మీద, నా కళ్ళముందే! తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటారే, అచ్చం అదే.

"అక్టోబర్లో ఎంత తీశావు?"

"ఆరొందల లీటర్లు. అందరికీ తెలిసిందే. బంగారం లాంటి పంట."

"ఇప్పుడు నూట యాభై ఉంది. మిగతా నాలుగొందల యాభై ఏమైంది?"

"చుట్టాలు, పక్కాలు తాగారు. ఇంటికొచ్చినోడికి పొయ్యొద్దా?"

"నువ్వూ వాళ్ళిళ్ళకి పోయి తాగుతావుగా. దానికిది చెల్లు. నూట యాభై రోజుల్లో నాలుగొందల యాభై. రోజుకి మూడు లీటర్లు. స్తెలియానకి అర లీటరు వేసుకో. మిగిలిన రెండున్నర ఎవరు తాగినట్టు? పిల్లా?"

"కొంత ఆవిరైపోద్ది వదినా," అన్నాను.

"అవునవును. నీ నోట్లోంచి పొద్దున్నే అదేగా వచ్చేది," అంది. కాగితం మీద మూడు కొట్టేసి పందొమ్మిది రాసింది.

ఇలాగే అరవై ఇళ్ళ పీపాలూ టకటకలాడించింది. కొందరు తలుపులు తియ్యలేదు. ఒకడు కుక్కని వదిలాడు. అయినా లెక్క తేల్చింది: అరవై మందిలో నలభై ఒక్కరు ఎనిమిది దాటినవాళ్ళే. మేయరు ఆఫీసులో అందరి ముందూ ఆ సంఖ్య చదివింది, పేర్లు మాత్రం చదవలేదు. చదవక్కర్లేదు కూడా. మిగిలిన పందొమ్మిది మందిలో మూడొంతులు ముసలమ్మలు.

"నలభై ఒక్కరు ఒకలాగే ఉంటే అది జబ్బెలా అవుద్దమ్మా?" అన్నాడు మేయరు. "అది ఆరోగ్యం! మిగతా పందొమ్మిది మందికే ఏదో అయ్యుంటుంది, వాళ్ళని చూడండి."

గది గదంతా నవ్వింది. వదిన నవ్వులు ఆగేదాకా నిలబడింది. ఆ తర్వాత నా వైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది: "సోమవారం నుంచి ఊదుడు మిషనులో ఊదాకే బండి కాగితం మీద సంతకం. ఎర్ర దీపం వెలిగితే బస్సు కదలదు."

నవ్వులాగిపోయాయి. బస్సు పోతే నాకేముంది చెప్పండి? మా ఊరి మగాళ్ళు సగం మంది ఇటలీలో, జర్మనీలో ఇటుకలు మోస్తున్నారు. నేను పెళ్ళాం బిడ్డల దగ్గర ఉండగలిగానంటే ఆ బస్సు వల్లే. పైగా పదకొండు మంది పిల్లలు "స్పిరిదోన్ మామా" అని ఎగబడి ఎక్కుతారు. ఆ పిలుపు ఇంకెవరిదో అవుతుందంటే నేను భరించలేను. అది ఆవిడకి తెలుసు. తెలిసే చేసింది.

ఆదివారం యథాప్రకారం భోజనానికి వచ్చింది, సిగ్గు లేకుండా. స్తెలియాన గుమ్మంలోనే ఆపేసింది.

"ఎందుకొచ్చావక్కా? ఇంకా లెక్కపెట్టనివేమన్నా మిగిలాయా? పళ్ళేలున్నాయి, స్పూన్లున్నాయి. లెక్కపెట్టుకో."

"నేను నీ మొగుడి పొట్ట కొట్టడానికి రాలేదే."

"మరింకేం కొడతన్నావు? నాలుగేళ్ళు సంతకం పెట్టినప్పుడు నీ కళ్ళేమయ్యాయి? ఇదే బల్ల మీద, ఇదే జగ్గు పక్కన పెట్టావు!"

"పెట్టాను. తప్పు చేశాను. ఆ లెక్క చూశాక నాకు నిద్ర పట్టట్లేదు." వదిన గొంతు తగ్గించింది, కానీ నాకు వినపడింది. "జనవరిలో బస్సు గుంటలోకి దిగినరోజు మంచు వల్ల జారిందన్నాడు. ఆ రోజు మంచు లేదు స్తెలియానా. నేను అదే దారిలో సైకిలు మీద వచ్చాను."

"మంచే!" అని అరిచింది స్తెలియాన. వీధి చివరిదాకా వినపడి ఉంటుంది. "మంచు ఉంది! నా పిల్ల అందులోనే ఉంది, నాకు తెలీదా? మా గడప తొక్కకు ఇంక. నువ్వు నాకు అక్కవి కాదు, ఏమీ కాదు!"

తలుపు ధడాలున వేసింది. నా పెళ్ళాన్ని చూసి ఆ రోజు గర్వపడ్డాను. అటువంటి మనిషి ఇంట్లో ఉంటే మగాడికి ఇంకేం కావాలి?

మధ్యాహ్నం ఊళ్ళో మగాళ్ళంతా నాకు ధైర్యం చెప్పడానికి మా నేలమాళిగకి వచ్చారు. వచ్చినవాళ్ళకి పొయ్యకుండా ఎలా పంపుతాను? గ్లాసు తిరిగింది. మామూలు కంటే ఎక్కువే తిరిగింది, పట్టుదల మీద ఉన్నాం మరి. అందరూ సుద్ద గీతల మీద ఉమ్మేసి మరీ చెరిపారు.

సోమవారం పొద్దున ఏడు గంటలకి మేయరు ఆఫీసు ముందు బస్సు పెట్టాను. పొద్దున్నే ఊరేసిన టమాటాలతో ఒక్క గ్లాసు తీసుకున్నాను, అంతే. అది మా నాన్న నుంచి వచ్చిన అలవాటు. కడుపుకి మంచిది. తల్లులంతా పిల్లల్ని పట్టుకుని నిలబడ్డారు. మగాళ్ళు ఊరికే చూడ్డానికొచ్చారు. వదిన తెల్ల కోటులో, చేతిలో నల్ల మిషనుతో బస్సు మెట్టు పక్కన కాపలా కాస్తోంది.

"ఊదు," అంది.

"ఊదను. నేనేమన్నా తాగుబోతునా?"

"కాకపోతే ఊదడానికేం?"

అందరూ చూస్తున్నారు. లాక్కుని ఊదాను. ఎర్ర దీపం చప్పున వెలిగింది.

"మిషన్ చెడిపోయింది!" అంది కవలల తల్లి పరస్కీవా. "ఆయన నిటారుగా నిలబడ్డాడు చూడండి, చర్చి స్తంభంలాగ. మాట తడబడిందా? లేదు. ఇంకేం కావాలి నీకు?"

"సరే, ఇంకొకడు నడుపుతాడు," అన్నాడు మేయరు రాజీకి. "హరలాంపీ, నీకు లైసెన్సుందిగా. ఇలా రా."

హరలాంపి మా పక్కింటివాడు, ట్రాక్టరు నడుపుతాడు. నవ్వుకుంటూ వచ్చి ఊదాడు. నా కంటే ఎర్రగా వెలిగిందని అందరూ అన్నారు, కానీ ఎరుపు ఎరుపే కదా. ఆ తర్వాత రొట్టెల బండి డ్రైవరు ఊదాడు. ఎరుపు. పోస్టుమాస్టరు ఊదాడు, మంచి మనిషి, పిలిస్తే తప్ప ఎవరింట్లోనూ తాగడు. ఎరుపు. జనం నవ్వడం మొదలుపెట్టారు, తిరునాళ్ళలో ఆటలాగ ఉంది. ఆరో మనిషి దగ్గరికి వచ్చేసరికి నవ్వు తగ్గింది. ఏడోవాడికి ఎవరూ నవ్వలేదు.

"మీరు, మేయర్ గారూ?" అంది వదిన.

"నాకు లైసెన్సు లేదమ్మా," అన్నాడు పోర్ఫిరి. అక్కడికి కారు నడుపుకుంటూ వచ్చిన మనిషి! తాళాలు ఇంకా వేలికి వేలాడుతున్నాయి.

"ముందు నువ్వు ఊదవే మహాతల్లీ," అని అరిచింది స్తెలియాన గుంపులోంచి ముందుకొచ్చి. "నీ మిషను నిన్నేమంటుందో చూద్దాం!"

వదిన ఊదింది. ఆకుపచ్చ దీపం వెలిగింది. ఆ ఆకుపచ్చ చూశాక గుంపుకి పిచ్చెక్కినట్టయింది. తలా ఒక మాటన్నారు. మొగుడు లేని దానికి కాపురాలు కూల్చడమే పని అన్నారు. పట్నంలో ఉద్యోగం కోసం ఊరి పరువు అమ్ముకుందన్నారు. ఎవరో మట్టిబెడ్డ విసిరితే తెల్ల కోటు మీద మరకయింది. నాకు హాయిగా అనిపించింది, అబద్ధమెందుకు.

అందరిలోకీ పెద్ద గొంతు స్తెలియానదే. అక్క చేతిలోంచి బండి కాగితం లాక్కుంది. "మా ఆయన పదిహేనేళ్ళుగా బండి నడుపుతున్నాడు! కళ్ళు మూసుకుని పోగలడు ఆ దారిలో! మేయర్ గారూ, మీరు పెట్టండి సంతకం. నర్సు కన్నా మేయరు పెద్ద కాదా?"

పెద్దే అని పోర్ఫిరికి అప్పుడే గుర్తొచ్చింది. కారు ముందుభాగం మీద కాగితం పెట్టుకుని బరబరా గీకాడు. జనం చప్పట్లు కొట్టారు. వదిన మెట్టు దగ్గరి నుంచి పక్కకి జరిగింది. ఆవిడ ముఖం చూద్దామనుకున్నాను కానీ నాకు చిక్కలేదు, తల వంచుకుని కోటు మీద మట్టి దులుపుకుంటోంది.

గెలిచాం. పిల్లలు తోసుకుంటూ ఎక్కారు. దోరీనా ఎప్పట్లాగే నా వెనక సీట్లో, కిటికీ పక్కన. పదకొండు. ఇంజను స్టార్టు చేశాను. తలుపు మూసే మీట మీద చెయ్యేశాను.

అప్పుడు స్తెలియాన మెట్టెక్కింది.

నాకేదో చెప్పడానికొచ్చిందనుకుని నవ్వాను. నా వైపు చూడలేదు. నన్ను దాటి వెళ్ళి దోరీనా బ్యాగు భుజానికి తగిలించుకుంది, పిల్ల చెయ్యి పట్టుకుంది.

"పాపకి ఒళ్ళు వెచ్చగా ఉంది," అంది. "ఇవాళ బడికొద్దు."

"నాకేం లేదమ్మా," అంది దోరీనా.

"జ్వరమే. దిగు."

దిగారు. బయట ఇంకా చప్పట్లు కొడుతున్నవాళ్ళ చేతులు మెల్లగా ఆగాయి. స్తెలియాన తలెత్తలేదు. రెండు నిమిషాల క్రితం ఊరు దద్దరిల్లేలా అరిచిన మనిషి, ఇప్పుడు చలికి వణుకుతున్నట్టు శాలువా బిగించుకుంది.

పరస్కీవా బస్సు దగ్గరికొచ్చి కిటికీ మీద తట్టింది. "ఒరే, మీరిద్దరూ రాత్రంతా దగ్గారు కదరా. దిగండి, దిగండి."

కవలలు ముఖముఖాలు చూసుకున్నారు. దిగారు. తర్వాత ఒకడికి కడుపునొప్పి వచ్చింది. ఒకమ్మాయికి చెవిపోటు. ఇంకొకమ్మాయికి ఏమీ లేదు, వాళ్ళమ్మకి అబద్ధం చేతకాదు, ఊరికే చెయ్యి చాపింది, పిల్ల వచ్చేసింది. పోతూ పోతూ "వస్తాం స్పిరిదోన్ మామా" అన్నారు ఇద్దరు ముగ్గురు. ఐదు నిమిషాల్లో పదకొండు సీట్లూ ఖాళీ.

తల్లులంతా వదిన చుట్టూ చేరారు. ఇందాక మట్టి విసిరినవాళ్ళే. "అగాఫియక్కా, మావాడి గొంతు చూడు." "అక్కా, దీని చెవి." ఆవిడ ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఒక్కొక్క పిల్లాడి నోరు తెరిపించి, నాలుక చూసి, పుస్తకంలో రాసుకుంది. దగ్గు. కడుపునొప్పి. చెవిపోటు. నిజం రోగాలకి రాసినట్టే, పేరూ వయసూ అడిగి మరీ రాసింది. ఆవిడ నన్ను తిట్టినా బాగుండేది.

నాకు మేయరు మీద కోపం వచ్చింది, మిషను మీద వచ్చింది, పట్నం నుంచి ఆ కాగితాలు పంపిన ముక్కూ ముఖం తెలియనివాడి మీద వచ్చింది. మగాళ్ళలో ఒక్కడూ నా దగ్గరికి రాలేదు. నిన్న నా వైను తాగి నా భుజం తట్టినవాళ్ళే ఇప్పుడు బూట్ల వంక చూసుకుంటూ ఒక్కొక్కరే జారుకున్నారు.

స్తెలియాన మాత్రం పాపని అక్కకి చూపించలేదు. చెయ్యి పట్టుకుని నేరుగా ఇంటి దారి పట్టింది. దోరీనా వెనక్కి తిరిగి నాకు చెయ్యి ఊపింది, గెంతుతూ నడుస్తోంది. ఆ పిల్లకి జ్వరమా? పరిగెత్తుకెళ్ళి దాని నుదుటి మీద చెయ్యి పెట్టి, చల్లగా ఉంది చూడండని ఊరందరికీ వినపడేలా అరవాలనిపించింది. సీట్లోంచి సగం లేచాను కూడా. కానీ అలా అరిస్తే, పిల్లని ఎందుకు దింపిందో స్తెలియాన అసలు కారణం చెప్పాల్సి వచ్చేది. ఆ మాట నా పెళ్ళాం నోటి వెంట వినే ధైర్యం నాకు లేకపోయింది. మళ్ళీ కూర్చుని, ఇంజను ఆపేశాను.